హోరు ఎక్కడిది?

మా నాన్నగారు పాడిన పద్యాలను పాత టేపునుండి సి.డి.కి ఎక్కించి దాచుకొన్నాము. ఢిల్లీలో మా ఇంట ఆదివారం ఉదయం వాటిని వినుట ఆనవాయితీ. గత వేసవిలో ఆ కంఠం వెనుక ఎడతెగని హోరు మొదలైంది. రాగం ముగించి ఆయన ఊపిరి పీల్చుకొనే చోట హోరు తప్ప మరేమీ వినరాదు.

సి.డి.లో ఉన్నది ధ్వని కాదు, అంకెలు. ఒక్కొక్క చెవికి సెకనుకు 44,100 కొలతలు. ప్రతి కొలతా 65,536 మెట్లలో ఏదో ఒకటి. ఆ అంకెలను తిరిగి విద్యుత్తరంగంగా మలచి ఆంప్లిఫయరుకు అందించే పెట్టెయే డిజిటల్ కన్వర్టర్. అంకెలను మార్చే చిప్, దాని వెనుక ఆప్-ఆంప్ అనే ఎనిమిది కాళ్ల బుల్లి చిప్, వీటన్నింటికీ అన్నం పెట్టే పవర్ సప్లయి. ఇంతే దాని సంసారం.

ఆప్-ఆంప్ మార్చితే ధ్వని తేటపడుతుందని మిత్రులు ఊరించారు. ఎర్రకోట ఎదుటనున్న లజపత్ రాయ్ మార్కెట్‌కు వెళ్లాను. గొప్ప పేరున్న రకం కారుచౌకగా దొరికింది. (అప్పుడే అనుమానించవలసింది. సాధారణపు చిప్‌పై పాత అచ్చు చెరిపి పెద్ద పేరు ముద్రించే వ్యాపారం లోకమంతటా ఉన్నదే.) మా పెట్టెలో అది సాకెట్‌లో కూర్చున్నందున మార్చుట నిమిషం పని. ధ్వని నిజంగానే తేటపడినట్లు తోచింది!

మా అమ్మాయి నమ్మలేదు. నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, పాతదో కొత్తదో చెప్పకుండా పదిమార్లు వినిపించింది. అయిదుమార్లే సరిగా చెప్పగలిగాను. బొమ్మా బొరుసూ వేసినా అంతే గదా!

"అయినా నాన్నా, హోరు అలాగే ఉందిగా?" అన్నది.

అసలు దొంగ పవర్ సప్లయిలో ఉన్నాడు. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు. దానిని ఏకముఖంగా మార్చిన పిమ్మట సెకనుకు 100 అలలు మిగులుతవి. వాటిని అణచే బాధ్యత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లది. వాటి లోపలి ద్రవం వేడికి క్రమంగా ఎండిపోవును. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయువు దాదాపు సగమగునని లెక్క. ఢిల్లీ జ్యేష్ఠమాసపు ఎండ 45 డిగ్రీలను తాకినప్పుడు, మూతపెట్టిన పెట్టె లోపల ఎంతుండునో ఊహించుకోవచ్చును. మా పెట్టెలోని కెపాసిటర్లు 85 డిగ్రీల రకం. ఒకదాని నెత్తి పూరీలా ఉబ్బి ఉన్నది.

ప్లగ్గు పీకి, మిగిలిన విద్యుత్తు తరిగినదని మీటరుతో చూచుకొని, అంతే కెపాసిటీ, అంతకు తగ్గని వోల్టేజి గల 105 డిగ్రీల రకాన్ని అమర్చాను. పక్కనున్న గీత ఋణధ్రువానికి గుర్తు, తలక్రిందులైతే పేలగలదు. సోల్డరింగ్ ఐరన్‌ను ఎక్కువసేపు ఆనిస్తే బోర్డుపై రాగిబాట లేచిపోతుంది. నాకు ఒకటి లేచింది. సన్నని తీగతో వంతెన వేయవలసివచ్చింది. కెపాసిటర్లకైన ఖర్చు మెట్రో టికెట్లను మించలేదు.

మరుసటి ఆదివారం హోరు లేదు. టేపుకు సహజమైన బుస మిగిలింది. ఊపిరి వినిపించింది. దాని వెనుకనే వంటింట్లో అమ్మ గిన్నె దించిన చప్పుడు. అది కూడా అందులో ఉన్నదని మాకు అంతవరకు తెలియదు.