బండివాడు తప్పించుకున్నాడు!

ఆదివారం ఉదయం. వంటింట్లోంచి ఇడ్లీల ఆవిరి, హాల్లోంచి కార్టూన్ సంగీతం. నానమ్మ పక్కన చేరిన ఐదేళ్ల మనవరాలు 'పినోకియో' చూస్తోంది. చెక్కబొమ్మకి ప్రాణం వచ్చింది. అబద్ధమాడితే ముక్కు పొడుగైంది. తనని తయారుచేసిన జెపెట్టోని తిమింగలం పొట్టలోంచి బయటికి తెచ్చింది. చివరికి నిజమైన పిల్లాడైపోయింది. కథ సుఖాంతం. నానమ్మ రిమోట్ అందుకోబోతుంటే పాప అడిగింది...

''నానమ్మా, పిల్లల్ని గాడిదలుగా మార్చేశాడే, ఆ బండివాణ్ని పోలీసులు పట్టుకోలేదేం?''

నానమ్మ దగ్గర జవాబు లేదు. నిజానికి ఆ సినిమాలోనూ లేదు!

డిస్నీ సంస్థ 1940లో విడుదల చేసిన ఆ చిత్రంలో అందరికన్నా పెద్ద దుర్మార్గుడు ఆ బండివాడే. ఆటలాడుకోవచ్చు, బడికి వెళ్లక్కర్లేదు అంటూ ఆశపెట్టి అల్లరిపిల్లల్ని ఓ దీవికి తోలుకెళతాడు. అక్కడ వాళ్లంతా గాడిదలైపోతే ఉప్పుగనులకీ సర్కస్‌లకీ అమ్మేస్తాడు. పినోకియోకి చెవులూ తోకా మొలిచేసరికి భయమేసి సముద్రంలోకి దూకి తప్పించుకుంటాడు. అతని నేస్తం ల్యాంప్‌విక్ మాత్రం పూర్తిగా గాడిదైపోతాడు. ఆ పిల్లలంతా ఏమయ్యారు? బండివాడు ఏమయ్యాడు? సినిమా ఆ ఊసే ఎత్తదు. పినోకియోని మాటలతో బుట్టలో వేసి అమ్మేసిన నక్కా పిల్లీ కూడా హాయిగా తప్పించుకుంటాయి. ఈ సినిమాకి మూలమైన ఇటాలియన్ కథ రాసిన కార్లో కొలోడి మాత్రం ఆ రెండింటినీ వదల్లేదు. గుడ్డిదానిలా నటించిన పిల్లికి చివర్లో నిజంగానే చూపు పోతుంది. నక్క పూట గడవక తోక అమ్ముకుంటుంది.

వీళ్లూ దొరకలేదు!

ఇలా శిక్ష తప్పించుకున్నవాళ్లు కార్టూన్లలో ఇంకా ఉన్నారు. 1950లో వచ్చిన 'సిండ్రెల్లా'లో సవతి తల్లినే తీసుకోండి. ఇంటి పిల్లని పనిమనిషిని చేసింది. గదిలో పెట్టి తాళం వేసింది. ఆఖరి నిమిషంలో గాజుచెప్పు పగిలిపోయేలా చేసింది. ఇంతా చేస్తే ఆ సినిమాలో ఆమెకి జరిగిందేమిటి? ముఖం పాలిపోవడం, అంతే. గ్రిమ్ సోదరులు చెప్పిన ఇదే కథలో పావురాలొచ్చి సవతి అక్కల కళ్లు పొడిచేస్తాయి. అంతకుముందే, 1697లో ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో రాసినదాంట్లో సిండ్రెల్లా అక్కల్ని క్షమించి పెద్దింటివాళ్లతో పెళ్లిళ్లు కూడా చేయిస్తుంది. కథ ఒకటే, తీర్పులు మాత్రం రెండు!

1955 నాటి 'లేడీ అండ్ ది ట్రాంప్'లో రెండు సయామీ పిల్లులు ఇల్లంతా పీకి పందిరేస్తాయి. నింద పెంపుడు కుక్క లేడీ మీద పడుతుంది. మూతికి చిక్కం బిగించేది దానికే. పిల్లుల్ని ఒక్క మాటన్నవాళ్లు లేరు. చేయని తప్పుకి దెబ్బలు తిన్న పిల్లలెవరికైనా ఈ సీను చూస్తే కడుపు మండిపోతుంది. ఇక 1961లో వచ్చిన 'వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్'లో క్రుయెల్లా డివిల్ కుక్కపిల్లల చర్మాలతో కోటు కుట్టించుకోవాలనుకుంటుంది. చివరికి ఆమె కారు తుక్కుతుక్కవుతుంది, అరుపులూ కేకలూ మిగులుతాయి. జైలు మాత్రం ఉండదు.

టామ్ అండ్ జెర్రీ లెక్కే వేరు. విలియం హానా, జోసెఫ్ బార్బెరా 1940లో తీసిన మొట్టమొదటి బొమ్మలో పిల్లి పేరు ఇంకా జాస్పరే. ఇంకొక్క వస్తువు పగిలితే ఇంట్లోంచి గెంటేస్తానని పనామె దాన్ని హెచ్చరిస్తుంది. ఆ మాట విన్న ఎలుక కావాలనే గాజుసామాను కిందికి విసరడం మొదలుపెడుతుంది. చివరికి వీధిన పడేది పిల్లే. మరి మొదట ఎలుకని పట్టుకుని ఏడిపించిందెవరు? అదీ పిల్లే. ఇందులో దుర్మార్గుడెవరో తేల్చమంటే పెద్దవాళ్లకీ కష్టమే.

శిక్ష తప్పనిసరి!

అమెరికాలో ఒకప్పుడు ఈ విషయంలో రాతపూర్వక నియమాలే ఉండేవి. 1934 నుంచి 1960ల దాకా అక్కడి సినిమాలకు హేస్ కోడ్ అనే నియమావళి వర్తించేది. నేరం చేసినవాడు లాభపడినట్టు చూపించకూడదన్నది అందులోని సారాంశం. అంత కట్టుదిట్టమైన రోజుల్లోనే మన బండివాడు తప్పించుకున్నాడన్నమాట! పిల్లలు చదివే బొమ్మల పుస్తకాల వల్లే వాళ్లు చెడిపోతున్నారని 1954లో అక్కడ పెద్ద దుమారం రేగింది. దాంతో ప్రచురణకర్తలే కామిక్స్ కోడ్ పెట్టుకున్నారు. ప్రతి కథలోనూ మంచే గెలవాలి, నేరస్థుడికి శిక్ష పడి తీరాలి అన్నది నియమం. క్రమంగా ఒక్కో సంస్థా దాన్నుంచి తప్పుకుంటూ వచ్చి, 2011 నాటికి ఆ కోడ్ చరిత్రలో కలిసిపోయింది.

ఇదంతా పాశ్చాత్యుల గొడవ అనుకుంటే పొరపాటే. మన పంచతంత్రంలోని దమనకుడు వీళ్లందరికీ తాత! సింహం పింగళకుడికీ ఎద్దు సంజీవకుడికీ ఉన్న చెలిమిని చూసి ఓర్వలేకపోయిందా నక్క. ఇటు ఓ మాట, అటు ఓ మాట మోసి ఇద్దరి మధ్యా చిచ్చు పెట్టింది. పాపం, ఎద్దు సింహం చేతిలో చచ్చిపోయింది. దమనకుడు మాత్రం రాజుని ఓదార్చి, కొలువులో దర్జాగా ఉండిపోయాడు. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన 'నీతిచంద్రిక'లో తరతరాల తెలుగు పిల్లలు చదువుకున్న మిత్రభేదం ఇదే.

ఈ ముగింపు అందరికీ మింగుడుపడలేదు. ఎనిమిదో శతాబ్దంలో ఈ కథల్ని అరబ్బీలోకి తెచ్చిన ఇబ్న్ అల్ ముఖఫా ఏకంగా ఓ కొత్త అధ్యాయమే చేర్చాడు. అందులో నక్క మీద విచారణ జరుగుతుంది, సాక్షులు వస్తారు, నేరం రుజువవుతుంది, ప్రాణం పోతుంది. అంటే ''వాణ్ని పట్టుకోలేదేం?'' అన్న పాప ప్రశ్న పన్నెండు వందల ఏళ్ల కిందటే ఓ పండితుడికీ వచ్చిందన్నమాట.

మరి విష్ణుశర్మ ఎందుకు వదిలేశాడు? ఆయన కథలు చెప్పింది రేపు రాజ్యమేలబోయే కుర్రాళ్లకి. దమనకుడికి శిక్ష పడితే వాళ్లు నిశ్చింతగా నిద్రపోతారు. పడకపోతే? అలాంటివాడు తమ పక్కనా ఉండొచ్చని కళ్లు తెరుచుకుని కూర్చుంటారు!

ఎవరూ ఏమీ అనకపోతే...

రాజకుమారుల సంగతి సరే, ఐదేళ్ల పిల్లల మాటేమిటి? స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే పిల్లలకి ఓ చిన్న కథ చెప్పేవాడు. తోటలో ఆపిల్ పళ్లు దొంగిలించిన పిల్లాడు పారిపోతూ పుచ్చిన వంతెన ఎక్కితే అది విరిగి నీళ్లలో పడ్డాడు. 'మరి దొంగతనం చేయకపోతే పడేవాడా?' అని అడిగితే చిన్నపిల్లల్లో చాలామంది పడేవాడు కాదనే అనేవారు. తప్పుచేస్తే చెక్క వంతెన కూడా ఊరుకోదని వాళ్ల నమ్మకం. వయసు పెరిగేకొద్దీ ఆ నమ్మకం సడలుతుందని ఆయన 1932లో రాశాడు. బండివాడు తప్పించుకుంటే పసిపిల్లలకి మనసున పట్టనిది అందుకే. వాళ్ల లోకంలో ఓ వంతెన విరగాల్సిన చోట విరగలేదు.

ఇంకో ప్రయోగం మరీ ముఖ్యం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బండూరా అనే శాస్త్రవేత్త 66 మంది చిన్నారులకి ఓ సినిమా చూపించాడు. అందులో ఒకతను ఓ పెద్ద గాలిబొమ్మని చితకబాదుతాడు. కొందరు పిల్లలకి అతన్ని మెచ్చుకుని మిఠాయి ఇచ్చినట్టూ, కొందరికి తిట్టి దండించినట్టూ ముగింపు చూపించారు. మూడో జట్టుకి ముగింపే లేదు, కొట్టినవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత పిల్లల్ని ఆ బొమ్మతో వదిలితే, దండన చూసిన పిల్లలు తక్కువగా కొట్టారు. ఎవరూ ఏమీ అనకపోవడం చూసినవాళ్లో? మెచ్చుకోలు చూసినవాళ్లతో దాదాపు సమానంగా కొట్టారు! అంటే పిల్లల లెక్కలో మన మౌనం అర్ధాంగీకారం కాదు, పూర్తి అంగీకారమే.

1965లో వెల్లడైన ఆ ప్రయోగానికి ఓ కొసమెరుపుంది. చూసింది చేసి చూపిస్తే బహుమతిస్తామన్నాక మూడు జట్లూ ఒకేలా చేసి చూపించాయి. శిక్షని చూసిన పిల్లలు కొట్టడం మానుకున్నారు గానీ, ఎలా కొట్టాలో మాత్రం అందరితో పాటే నేర్చేసుకున్నారు. కాబట్టి కథ చివర్లో విలన్‌ని జైల్లో పెట్టేస్తే మన పని అయిపోయినట్టు కాదు.

బేతాళుడి దారి

అలాగని టీవీ కట్టేయక్కర్లేదు. శిక్షకీ వదిలేయడానికీ మధ్య బోలెడన్ని దారులున్నాయని చూపించే కార్టూన్లూ ఉన్నాయి. మన హైదరాబాద్‌లోనే పుట్టి 2008లో పోగో ఛానల్‌కెక్కిన 'ఛోటా భీమ్'లో కాలియా వేసిన ఎత్తు తనకే ఎదురు తిరుగుతుంది. మర్నాటికి మళ్లీ అందరితో ఆటల్లో ఉంటాడు. తోటిపిల్లల తప్పుకి ఆ మాత్రం శిక్ష చాలు. 2010 నాటి 'డెస్పికబుల్ మీ'లో చందమామనే దొంగిలించిన గ్రూ జైలుకెళ్లడు. ముగ్గురు ఆడపిల్లలకి నాన్నయి మారతాడు. బండివాడు మారాడా? లేదు. ఆ తేడా పిల్లలకి తెలియాలి. అది తెరమీద దొరక్కపోతే సోఫాలో దొరకాలి.

దానికి మన దగ్గర పాత చిట్కా ఒకటుంది. బేతాళుడు కథ చెప్పి ఊరుకోడు. తప్పెవరిదో తేల్చమని ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుందంటాడు. చందమామ చదివి పెరిగిన నానమ్మలకీ తాతయ్యలకీ ఆ విద్య కొత్తగా నేర్పక్కర్లేదు. కార్టూన్ అయిపోగానే ఒక్క ప్రశ్న... 'ఎవరికి అన్యాయం జరిగింది? అక్కడ నువ్వుంటే ఏం చేసేదానివి?' అంతే. తీర్పు పిల్లల్నే చెప్పనివ్వాలి.

నానమ్మ చేసిందీ అదే. రిమోట్ పక్కన పెట్టి అడిగింది... ''అవును, పట్టుకోలేదు. మరి నువ్వైతే ఏం చేస్తావే?''

పాప చాలాసేపు ఆలోచించింది.

''ముందు గాడిదల్ని ఇంటికి పంపించేస్తా. తర్వాత ఆ బండి ఎక్కొద్దని పిల్లలందరికీ చెప్పేస్తా!''

విష్ణుశర్మ వింటే మురిసిపోయేవాడు.