కంప్యూటర్ విద్యకు మగ్గం ఓర్పు కావాలి

ఏటా ఇంటర్, డిగ్రీ ఫలితాలు వెలువడగానే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పల్లెల్లో తల్లిదండ్రులను ఒకే ఆలోచన పట్టి పీడిస్తుంది. పిల్లవాణ్ణి కంప్యూటర్‌లో చేర్పిస్తే బాగుపడతాడా అన్నదే ఆ ఆలోచన. హిందూపురానికి బెంగుళూరు సుమారు నూరు కిలోమీటర్లు. పక్క ఊరి కుర్రవాడు అక్కడ ఉద్యోగంలో చేరాడన్న వార్త తెలిస్తే చాలు, ఇంటిల్లిపాదికీ ఆశ పుడుతుంది. ఆశ పుట్టడంలో తప్పు లేదు. అయితే ఆ ఆశను ఆసరా చేసుకొని, మూడు నెలల్లో ప్రోగ్రామింగ్ నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామనే ప్రకటనలు గోడలకెక్కడం, వాటిని నమ్మి కమ్మలు కుదువబెట్టి ఫీజులు కట్టడం విచారకరం.

ప్రోగ్రామింగ్ అనగానే అదేదో పట్నం విద్య, ఇంగ్లీషు చదువుల వారికే అబ్బే విద్య అన్న భయం పల్లెల్లో ఉన్నది. ఈ భయం ధర్మవరంలో ఉండటం మరీ ఆశ్చర్యం. ఎందుకంటే ఆ విద్యకు మూలాల్లో ఒకటి మగ్గంలోనే ఉన్నది.

పట్టుచీర అంచుకూ, కొంగుకూ బుటాలు వేసే మగ్గం పైన జకార్డు పెట్టె ఉంటుంది. దానికి రంధ్రాలు పొడిచిన అట్టలు దండలాగా కట్టి ఉంటాయి. రంధ్రం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. రంధ్రం లేనిచోట పోగు కిందనే ఉండిపోతుంది. ఆ సందులోంచి నాడె పోతుంది. ఒక్కొక్క పేక పోగుకు ఒక్కొక్క అట్ట చొప్పున వరుసగా తిరిగితే హంస వస్తుంది, మామిడి పిందె వస్తుంది. ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ మేరీ జకార్డు 1804 ప్రాంతంలో ఈ పరికరాన్ని రూపొందించాడు. ఆ అట్టల పద్ధతినే ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన లెక్కల యంత్రానికి తీసుకున్నాడు. ఆ యంత్రం పనిని 1843లో వివరిస్తూ ఆడా లవ్‌లేస్ అనే విదుషీమణి దానిని జకార్డు మగ్గంతోనే పోల్చింది. 1890లో అమెరికా జనాభా లెక్కలు తేల్చినదీ రంధ్రాలు పొడిచిన అట్టలతోనే. రంధ్రం ఉంటే ఒకటి, లేకుంటే సున్న. నేటి కంప్యూటర్ కూడా లోపల ఈ రెంటితోనే పని చేస్తుంది.

ఆ మాటకొస్తే ప్రోగ్రాం అంటే యంత్రానికి వరుస తప్పకుండా చెప్పే పని పద్ధతి మాత్రమే. పన్నెండు బుటాలు వేయాలంటే ఒకే పనిని పన్నెండు మార్లు చేయించడం ఒక సూత్రం. పోగు తెగితే ఆపు, లేకుంటే సాగించు అనడం మరొక సూత్రం. ఎక్కడో ఒక అట్ట తప్పుగా పొడిస్తే ప్రతి బుటాలోనూ అదే తప్పు కనిపిస్తుంది. అనుభవం గల నేతగాడు చీరను చించడు, మగ్గాన్ని తిట్టడు. అట్టలు ఒక్కొక్కటిగా తిప్పి తప్పు ఎక్కడున్నదో పట్టుకుంటాడు. ప్రోగ్రాం రాసేవారికి రోజూ ఎదురయ్యే పని ఇదే. ఈ ఓర్పు ఉన్నవారికి ఆ విద్య తప్పక పట్టుబడుతుంది.

నేర్చుకునే పద్ధతి కూడా మగ్గం పద్ధతే కావాలి. ఆసు పోయడం, కండెలు చుట్టడం రానివాణ్ణి మొదటి రోజే జరీ చీర మీద కూర్చోబెట్టరు. అలాగే మొదట ఒక్క భాషను పట్టుకోవాలి. 1991లో వెలువడిన పైథాన్ భాష కొత్తవారికి సులువైనదిగా పేరు పొందింది, పైగా ఉచితం. నాలుగు భాషలు ఒకేసారి మొదలుపెట్టినవారికి ఏదీ చివరిదాకా రాదు. తొలి ప్రోగ్రాం ఇంటి లెక్కలతోనే రాయవచ్చు. పదివేల రూపాయల అప్పు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, పన్నెండు నెలలు. అసలును వడ్డీతోనూ నెలలతోనూ గుణించి నూటితో భాగిస్తే రెండువేల నాలుగువందలు వస్తుంది. ఈ లెక్కను ముందు కాగితం మీద మెట్లుగా రాసి, తర్వాత యంత్రానికి చెప్పాలి. చెనిక్కాయల మూటల లెక్క, మగ్గం కూలీ లెక్క ఇదే దారిలో రాయవచ్చు. రోజుకు ఒక గంట చొప్పున ఆరు నెలలు చేసినవారు, ఆదివారం ఒక్కరోజే పది గంటలు కూర్చొని వారమంతా మానేసినవారికంటే ముందుంటారు.

ఇందుకు వేలకు వేలు ఫీజులు కట్టనక్కరలేదు. ఐఐటీల ఆచార్యుల పాఠాలు ఎన్‌పీటెల్ ద్వారా ఉచితంగా దొరుకుతున్నాయి. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. అడిగిన వెంటనే ప్రోగ్రాం రాసిపెట్టే కృత్రిమ మేధ పరికరాలు ఇప్పుడు సెల్‌ఫోన్‌లోనే ఉన్నాయి. వాటిని తప్పు అడిగి తెలుసుకోవడానికి వాడుకుంటే లాభం. చూసి రాసుకోవడానికి వాడుకుంటే, పక్కవాడు నేసిన చీర తన పేరున చూపుకున్నట్లే. ఇంటర్వ్యూలో ఆ గుట్టు నిలవదు.

ఇంగ్లీషు రాదని వెనుకాడేవారు ఒక్క పేరు గుర్తుంచుకోవాలి. శ్రీకాళహస్తి సమీపంలోని కాటూరు గ్రామంలో 1937లో పుట్టి, పల్లెబడిలో అక్షరాలు దిద్దిన రాజ్‌రెడ్డి 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. ఆ పురస్కారం పొందిన తొలి ఆసియా సంతతి వ్యక్తి రాయలసీమ బిడ్డే కావడం గర్వకారణం.

ఈ విద్య బెంగుళూరు ఉద్యోగానికే పనికివస్తుందనుకోవడం కూడా పొరపాటు. పెనుకొండ వద్ద ఎర్రమంచిలోని కియా కార్ల కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలయింది. అటువంటి కర్మాగారాల్లో రోబోలను నడిపించేది ప్రోగ్రామే. ధర్మవరం చీరకు కొత్త డిజైను గీయడానికైనా, అట్టలు పొడిపించడానికైనా కంప్యూటర్ తెలిసిన కుర్రవాడు, అమ్మాయి ఉన్న ఊళ్లోనే పనికివస్తారు.

ఇంతవరకు విద్య సంగతి. ఆ విద్యను మోయవలసిన ఒంటి సంగతిని ఎవరూ పట్టించుకోవడం లేదు. గుంత మగ్గంలో గంటల తరబడి కూర్చొని నడుము, మెడ, కళ్లు దెబ్బతిన్న నేతగాళ్లు ధర్మవరం వీధి వీధినా కనిపిస్తారు. తండ్రి మగ్గం ముందు పోగొట్టుకున్న నడుమును కొడుకు కంప్యూటర్ ముందు పోగొట్టుకుంటే ఆ చదువు వల్ల ఇంటికి ఒరిగేదేమిటి? దేశంలో పది కోట్లమందికి పైగా మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. కూర్చొని చేసే పని, రాత్రి జాగరణ, ప్యాకెట్ తిండి ఆ జబ్బుకు దారి తీస్తాయి.

పెద్దవారికి వారానికి కనీసం నూటయాభై నిమిషాల వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోజుకు అరగంట చొప్పున వారంలో ఐదు రోజులు వడివడిగా నడిస్తే సరిపోతుంది. పెనుకొండ వారికి కొండ ఎదుటే ఉన్నది. అరగంటకోసారి లేచి నిలబడాలి. ఇరవై నిమిషాలకోసారి తెర మీద నుంచి చూపు తిప్పి దూరాన ఉన్న చెట్టును కాసేపు చూస్తే కళ్లకు విశ్రాంతి. సెల్‌ఫోన్ పక్కన పెట్టి రాత్రి ఏడు గంటలు నిద్రపోయినవాడికే మర్నాడు పాఠం బుర్రకెక్కుతుంది. తిండికి వేరే ఊరు వెతకనక్కరలేదు. రాగిలో సున్నపు ధాతువు బియ్యంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సంగటి, ఊరిబిండి, ఉలవచారు, ఆకుకూర తిని పెరిగిన పిల్లలు బెంగుళూరు గదిలో నూడుల్స్‌తో పూట గడుపుకోవడం అభివృద్ధి అనిపించుకోదు.

అలవాట్లు పిల్లలు ఒక్కరే చేసుకోగలిగినవి కావు. కంప్యూటర్లు ఉన్న ప్రభుత్వ పాఠశాలల్లో సాయంత్రం రెండు గంటలు ఆ గదులు తెరిచి ఉంచితే బడి మానేసిన యువకులకూ ఉపయోగం. మూడు పట్టణాల గ్రంథాలయాల్లోనూ నాలుగేసి కంప్యూటర్లు, ఒక శిక్షకుడు ఉండాలి. ఆడపిల్లలకు పగటివేళ తరగతులు పెడితే తల్లిదండ్రులు నిశ్చింతగా పంపుతారు. అధికారులు, ప్రజాప్రతినిధులు ఈ దిశగా చర్యలు తీసుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

అంతవరకు తల్లిదండ్రులు ఆగనక్కరలేదు. కమ్మలు కుదువబెట్టక ముందు పిల్లవాడి చేత రోజుకు గంట చొప్పున మూడు నెలలు ఇంటి దగ్గరే సాధన చేయించి చూడాలి. ఆ గంటతో పాటు అరగంట నడకనూ అలవాటు చేయాలి. రెండూ విడువకుండా చేసిన పిల్లవాడికే ఫీజు కట్టే సంగతి ఆలోచించాలి.