వాయువుల లెక్క

వాయువుల దహనమునకు సంబంధించిన లెక్క కనబడినతోడనే విద్యార్థులలో పలువురు 22.4 అను సంఖ్యను జ్ఞప్తికి దెచ్చుకొనుచున్నారు. ఇది మాకు సమ్మతము గాదు. ఆ సంఖ్యయందు లోపమేమియు లేదు. అది రావలసిన చోటనే రావలెనని మా వాదము.

వాయువులు చిన్న పూర్ణసంఖ్యల నిష్పత్తిలో సంయోగము జెందునని ఫ్రాన్సు దేశీయుడగు గే-లుసాక్ 1808లో వెల్లడించెను. సమాన ఉష్ణోగ్రతా పీడనములయందు సమాన ఘనపరిమాణముగల వాయువులలో అణువుల సంఖ్య సమానమని ఇటలీ దేశీయుడగు అవగాడ్రో 1811లో ప్రతిపాదించెను. కావున సమీకరణములోని సంఖ్యలే వాయువుల కొలతలు. మీథేను ఒక పాలు మండుటకు ఆమ్లజని రెండు పాళ్లు కావలెను. బొగ్గుపులుసువాయువు ఒక పాలు పుట్టును.

20 ఘనసెంటీమీటరుల మీథేనును 100 ఘనసెంటీమీటరుల ఆమ్లజనిలో మండించి, చల్లార్చిన పిదప మిగులు వాయువెంత యని యడిగినచో, కొందరు మొదట గ్రాములలోనికి బోయి మరల ఘనసెంటీమీటరులకు వత్తురు. పెరటిలోనికి బోవుటకు ఊరంతయు జుట్టివచ్చుట యిట్టిదే. ఖర్చయిన ఆమ్లజని 40, మిగిలినది 60, పుట్టిన బొగ్గుపులుసువాయువు 20, వెరసి 80. మరికొందరు నీటియావిరిని 40గా జేర్చి 120 అందురు. చల్లారిన యావిరి నీటిబొట్లయి గాజునంటి యుండును. వాయువుల లెక్కలో దానికి చోటు లేదు. ప్రశ్నలోని ‘చల్లార్చిన’ అను నొక్క మాటను జదువకపోవుటయే యీ తప్పునకు మూలము.

ఇక 22.4 ఎచ్చట? బరువునుండి ఘనపరిమాణమునకు వచ్చునపుడు. ఇంటి వంటగ్యాసు సిలిండరులో 14.2 కిలోగ్రాములుండును. దానిలో ప్రొపేనును గలిసియుండును గాని, లెక్కకొఱ కంతయు బ్యూటేనే యనుకొందము. 58 గ్రాములకు 22.4 లీటరుల చొప్పున, సున్న డిగ్రీలయొద్ద, సాధారణ వాతావరణ పీడనమున, రమారమి 5,480 లీటరుల వాయువగును. అటుపిమ్మట నిష్పత్తియే చాలును. బ్యూటేను 2 పాళ్లకు ఆమ్లజని 13 పాళ్లు. గాలిలో ఆమ్లజని నూటికి 21 పాళ్లే గనుక, ఒక లీటరు బ్యూటేనునకు దాదాపు 31 లీటరుల గాలి కావలెను. సిలిండరునకు దాదాపు 1,70,000 లీటరులు.

తల్లిదండ్రు లీ సంఖ్యను గమనింప గోరుదుము. కిటికీలు మూసిన వంటగదిలోను, గ్యాసు గీజరుగల స్నానపుగదిలోను గాలి చాలనిచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసునకు గలిపిన దుర్వాసన గ్యాసు కారుటను దెలుపునే గాని దీనిని దెలుపజాలదు. కావున నుపాధ్యాయులు సీసాకంటె ముందు పొయ్యినే యుదాహరణముగా గైకొని, పిల్లలచేత తమ వంటగది పొడవు, వెడల్పు, ఎత్తులు కొలిపించి, అందలి గాలి యెన్ని లీటరుల బ్యూటేనునకు సరిపోవునో కట్టింపవలెనని మా కోరిక. ఆ గాలిలోని ఆమ్లజని యంతయు ఖర్చగువఱకు అపాయ మాగియుండదని కూడ వారికి జెప్పవలెను.