చూపు లేనివారికీ అక్షరం అందాలి

పింఛనుకైనా ధ్రువపత్రానికైనా ఒకప్పుడు ఆఫీసు మెట్లు ఎక్కవలసి వచ్చేది. ఇప్పుడు ఆఫీసే ఫోనులోకి వచ్చింది. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరిట 161 సేవలను వాట్సాప్‌లో ప్రారంభించింది. హజ్ కమిటీ దరఖాస్తు కూడా ఆన్‌లైన్‌లోనే. సంతోషమే. అయితే తిరుపతిలో, చిత్తూరులో, పలమనేరులో ఉన్న అంధ సోదర సోదరీమణులకు ఇవి అందుతున్నాయా అన్నదే మా ప్రశ్న.

అంధులు ఫోను వాడలేరనుకోవడం అపోహ. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లున్నాయి. కంప్యూటరుకు ‘ఎన్‌వీడీఏ’ ఉచితంగా దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘టాక్‌బ్యాక్’ ఉంది. తెలుగు, ఉర్దూ రెండూ చదివించుకోవచ్చు. కానీ అవి సరిగా చదవాలంటే అక్షరాలు టైపు చేసి ఉండాలి. కాగితాన్ని ఫొటో తీసి పంపితే చిక్కే. ఫొటోలోని అక్షరాలను గుర్తించే సాధనాలు వచ్చినా, చేతిరాత దగ్గర, ఉర్దూ నస్తాలీఖ్ దగ్గర తడబడతాయి.

వెబ్‌సైట్లు ఎలా ఉండాలో అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ నాలుగు సూత్రాలు చెప్పింది. సమాచారం కంటికో చెవికో అందాలి, వాడుకోవడానికి వీలుండాలి, అర్థం కావాలి, రకరకాల పరికరాల్లో పనిచేయాలి. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ కూడా ఈ బాధ్యతను ప్రభుత్వంపై పెట్టింది. బ్యాంకు ఖాతా తెరవడానికి కెమెరా ముందు కనురెప్ప ఆర్పమంటే, యాసిడ్ దాడిలో రెప్పలు కోల్పోయినవారు ఏం చేయగలరు? అటువంటి బాధితులు, అంధులు వేసిన కేసుల్లో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. కనుక ఇది దయాధర్మం కాదు, హక్కు.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. అయినా మదీనాలో అజాన్ పలికేవారు. తెల్లవారిందని పక్కవారు చెప్పగానే ఫజ్ర్ అజాన్ ఇచ్చేవారు. ఆ ఒక్క మాట చెవిన వేయడమే ఆనాటి సమాజం చేసిన ఏర్పాటు. మరి మన మస్జిద్ కమిటీలు నమాజు వేళలను, మదర్సాలు ప్రవేశ ప్రకటనలను, పెద్దలు స్కాలర్‌షిప్ వార్తలను వాట్సాప్‌లో ఫొటోలుగానే పంపుతున్నారు.

మేము కోరేది కొద్దిపాటి శ్రమే. ప్రకటనను టైపు చేసి పంపండి. ఫొటో తప్పనిసరైతే అందులో ఏముందో కింద రెండు వాక్యాలు రాయండి. జుమా ప్రసంగం వీడియో పెడితే, వినికిడి లేనివారి కోసం సారాంశం కూడా రాసి పెట్టండి. ఈ శుక్రవారం నుంచే మొదలుపెడదాం.