మన ఇంటి మాట: అమ్మానాన్నల్ని అడిగామా?

ఈసారి పండగలూ పిండివంటలూ పక్కనపెట్టి మా ఇంటి సంగతే రాస్తున్నాను.

విశాఖలో తమ్ముడి గృహప్రవేశానికి అన్నయ్యా, నేనూ కలిశాం. మోకాళ్ళ నొప్పులతో నాన్న రాలేకపోయారు, ఆయన్ని వదిలి అమ్మ రాలేదు. రాత్రి భోజనాలయ్యాక మేడమీద వాళ్ళ మాటే వచ్చింది.

"బరంపురం ఇల్లు అమ్మేద్దాం. నాన్న హైదరాబాదులో నా దగ్గర, అమ్మ వీడి దగ్గర. ఎప్పటికైనా మనవాళ్ళ మధ్యకి రావాలిగా" అన్నాడు అన్నయ్య.

మనవాళ్ళెవరు? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి బరంపురం అందులోకి వెళ్ళినప్పుడు మా తాతగారు ఇల్లు కదల్లేదు, రాష్ట్రమే మారింది. అమ్మ దేవుడికి తెలుగులో మొక్కుతుంది, పెద్ద బజారులో ఒడియాలో బేరమాడుతుంది, మమ్మల్ని రెండింటిలోనూ తిడుతుంది. హైదరాబాదు వెళ్తే ఆవిడ యాస విని, "ఆంటీ, మీరు ఒడియావాళ్ళా?" అని అడిగారట పక్క ఫ్లాటువాళ్ళు. అమ్మ వారం ఉండకుండా ఫలక్‌నుమా ఎక్కేసింది.

ఇదే చెప్పాను. "సరే, రాత్రి నాన్న పడిపోతే ఎవరెత్తుతారు?" అన్నాడు అన్నయ్య. నా దగ్గర జవాబు లేదు. పోయిన వర్షాకాలం ఆయన స్నానాలగదిలో జారితే నాలుగు వీధుల అవతల ఉన్న నేను వెళ్ళేసరికి అరగంటైంది. నాకూ యాభై ఎనిమిది.

పోనీ ఇల్లు తన పేర రాస్తే తానే వచ్చి ఉంటానన్నాడు తమ్ముడు. వాడి మనసు మంచిదే. కానీ ఇలాంటి మాట వచ్చిన ఇళ్ళవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకునే వీలు 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టంలో ఉంది. ఆ షరతు దస్తావేజులోనే రాయించుకోవాలి. ఇంకో మాట, ఆ చట్టం ప్రకారం పోషణ బాధ్యత కొడుకులదే కాదు, కూతుళ్ళది కూడా.

ఊరొచ్చాక అమ్మకి జరిగిందంతా చెప్పాను. అంతా విని, "అయితే మమ్మల్ని ఇద్దర్నీ చెరొక చోట పెడతారటే?" అంది. యాభై తొమ్మిదేళ్ళ కాపురం వాళ్ళది. మేడమీద మూడు గంటలు మాట్లాడాం, ఆ సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

నాన్న పేపరు దించకుండానే, "ముందు ఆ గదిలో గోడకి పట్టుకోడానికో కడ్డీ బిగించమను" అన్నారు.

మేస్త్రీ ఆదివారం వస్తానన్నాడు. అన్నయ్యకి ఇంకా ఫోను చెయ్యలేదు.