హుగ్లీ తీరాన రెండు చక్రాల విహారము

గత ఆదివారము వేకువన మేము నలుగురము ప్రిన్సెప్ ఘాట్ నుండి హౌరా వంతెన దాకా సైకిళ్లపై బయలుదేరాము. దూరము స్వల్పము, తొందర అసలే లేదు. తలపైన 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతువు, ఎగువన 1943 నాటి హౌరా వంతెన. ఒకటి తీగలపై నిలిచినది, మరొకటి కాంటిలీవర్. అయినను రెండింటి ప్రధాన స్పాను 457 మీటర్లే!

మల్లిక్ ఘాట్ బంతిపూల రాశులు దాటి వంతెన చేరి, సైకిళ్లు దిగి కాలిబాటపై నడిచాము. సుమారు 26,500 టన్నుల ఉక్కు. నట్టు, బోల్టు లేక అంతా రివెట్ల కూర్పే. తుపానులకు చలించని ఈ కట్టడానికి కిళ్లీ ఉమ్ములు ముప్పు తెచ్చాయి. హ్యాంగర్ల అడుగున ఉన్న 6 మిల్లీమీటర్ల ఉక్కు తొడుగులు 2007 నుండి 2011 నాటికి 3 మిల్లీమీటర్లకన్న పలుచబడినవి. తరువాత ఫైబర్‌గ్లాసు తొడుగులు వేశారు. తాంబూలము మనకు మంగళద్రవ్యమే గాని ఉక్కుకు కాదు.

తిరుగుదారిలో ఒక కూడలి వద్ద కానిస్టేబులు చేయి అడ్డము పెట్టినాడు: ఇటు సైకిళ్లకు ప్రవేశము లేదు! 2013లో ఈ నగరాన 174 రోడ్లపై సైకిళ్లను నిషేధించారు. పిదప ఆ సంఖ్య తగ్గినది. పొగ విడువని వాహనానికే ఈ శిక్ష ఏల అన్నది మాకు బోధపడలేదు. మా వెనుకనే పాలబిందెలతో వచ్చిన వృద్ధుడు మారుమాటాడక సందులోనికి మళ్లినాడు. మేము విహారానికి వచ్చినవారము. ఆలస్యమైతే ఆయన పాలు విరిగిపోవును. దారి తెలిసినవాడు గదా అని మేమును ఆయన వెంటనే సాగితిమి.