మనోవర్తి ఆస్తిపై తొలి భారము కావలెను



ఇంటి యజమాని కన్నుమూసిన పిదప, కర్మాంతరములు ముగియకమునుపే బీరువా తాళపుచెవి ఎవరి మొలకెక్కునో, దస్తావేజుల సంచి ఎవరి చంకకు చేరునో గమనించినవారికి మా విన్నపము క్రొత్తగా తోచదు. మరిదియో సవతి కుమారుడో వీలునామా నొకదానిని వెలికితీసి చదువును. అందు భార్య పేరుండదు, పసిబిడ్డల పేరుండదు. "నీకేమి లోటమ్మా, మేమందరము లేమా?" అని పలుకుచునే, రేపు దావా పడునేమోనను శంకతో ఒక కాగితముపై ఆమె వ్రేలిముద్ర వేయించుకొందురు. ఏడాది తిరుగకమునుపే పొలము పరుల పాలగును. తిండిగింజలకు, బడిజీతమునకు చేయిచాచవలసిన దుర్గతి ఆ తల్లికి పట్టును.

చట్టము లేదా యందురేమో, ఉన్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, వీలునామా లేక మరణించిన పురుషుని ఆస్తిలో భార్యకు, తల్లికి, కుమారులకు, కుమార్తెలకు సమభాగముల నొసగినది. కాని ఆ చట్టమే తన 30వ సెక్షనులో, స్వార్జితమునే కాక, మితాక్షర న్యాయము పూర్వమంగీకరింపని రీతిని ఉమ్మడి ఆస్తిలోని తన భాగమును సైతము వీలునామా మూలమున ఇచ్చవచ్చినవారికి వ్రాయు స్వేచ్ఛను పురుషుని కొసగినది. ఆ స్వేచ్ఛవలన నిరాధారులగువారి కొరకే అదే సంవత్సరమున వచ్చిన దత్తత, మనోవర్తి చట్టము, మృతుని ఆస్తిని పొందినవారు ఆ ఆస్తినుండియే అతని ఆశ్రితులను పోషింపవలెనని 22వ సెక్షనులో శాసించినది. పునర్వివాహము చేసికొనని భార్య, మైనరు కుమారుడు, అవివాహితయగు కుమార్తె ఆ ఆశ్రితులలోనివారే.

ఇంతవరకు బాగుగనే యున్నది. లోపమంతయు 27వ సెక్షనులో నున్నది. వీలునామా, డిక్రీ, ఒడంబడిక మున్నగువాటిచే ఏర్పడిననే తప్ప, ఈ మనోవర్తి ఆస్తిపై భారము కాజాలదని అది చెప్పుచున్నది. ఆపై 28వ సెక్షను, హక్కు సంగతి ఎరుగక వెలయిచ్చి కొన్నవానిని విడిచిపెట్టినది. ఇక డిక్రీ వచ్చులోపల ఆస్తిని అమ్మివేసినచో, గెలిచిన దావా ఎవరి ఆకలి తీర్చును? 22వ సెక్షనులో మరియొక చిక్కు గలదు. ఆస్తిలో ఏ భాగమును పొందని ఆశ్రితులకే అది మనోవర్తి నిచ్చుచున్నది గనుక, ఎందుకును చాలని చిన్న కొట్టుగది నొకదానిని భార్య పేర వ్రాసి, ఆమె భాగము ఆమెకు ముట్టినదని వాదించుటకు త్రోవ ఏర్పడినది.

మన నెల్లూరు సీమలో తులశమ్మ యను ఇల్లాలి భర్త 1931లో ఉమ్మడి కుటుంబమున నుండగనే గతించినాడు. ఆమె మరిదిపై మనోవర్తి దావా వేసినది 1944లో. రాజీ కుదిరి కొంత ఆస్తి చేతికి వచ్చినది 1949లో. ఆ ఆస్తిపై ఆమెకు సంపూర్ణ హక్కు గలదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది 1977లో. వితంతువు మనోవర్తి ఒకరి దయాధర్మము కాదనియు, భర్త ఆస్తిని అంటియుండు హక్కే యనియు ఆ తీర్పు నిర్ధారించినది. ఆ మాట వచ్చునప్పటికి ఆమె వైధవ్యము నలువదియారేండ్లు నిండినది. పాలు మానని బిడ్డ గల తల్లి అంతకాలము వేచియుండగలదా?

కావున మేము కోరునది ఇది. ఆశ్రితుల మనోవర్తి, యజమాని మరణించిన క్షణమునుండియే చట్టబలమున ఆస్తిపై భారము కావలెను. ఆ భారము రిజిస్ట్రారు కార్యాలయమునందు నమోదై, ఆస్తిపై గల భారములను తెలుపు ధ్రువపత్రము (ఈ.సీ.)లో కనబడవలెను; అప్పుడు కొనువాడు ఎరుగననుటకు వీలుండదు, ఎరిగి కొన్నవాడు మోసపోడు. మధ్యకాలపు భృతిని న్యాయస్థానము వారములలో తేల్చవలెనే గాని ఏండ్లకు సాగనీయరాదు. 22వ సెక్షనులో "ఏ భాగమును" అనుచోట "పోషణకు చాలిన భాగమును" అని మార్చవలెను. మృతుని న్యాయమైన అప్పులు ముందు తీరవలెనను 26వ సెక్షనును మేము కాదనుట లేదు.

స్వార్జితమును ఇచ్చవచ్చినట్లు వ్రాసికొనుటకు అడ్డేమని ప్రశ్నించువారు కలరు. అట్టి అడ్డు క్రొత్తది కాదు. ఇస్లాము ధర్మశాస్త్రము, వారసుల సమ్మతి లేనిదే మూడవవంతుకు మించి వీలునామా చెల్లనీయదు. న్యూజిలాండు 1900లోనే, ఇంగ్లండు 1938లో, వీలునామా వలన నిరాధారమైన కుటుంబమునకు ఆస్తినుండి పోషణ ఇప్పించు అధికారమును న్యాయస్థానములకు ఒసగినవి. కని, పెండ్లాడి, తన నీడన బ్రతుకనిచ్చినవారి పోషణ తీరిన తరువాత మిగిలినదే మనిషి స్వేచ్ఛగా పంచదగినది.

ఇది ఢిల్లీలో జరుగవలసిన పని యని మన శాసనసభ్యులు చేతులు దులుపుకొనరాదు. వారసత్వము రాజ్యాంగపు ఉమ్మడి జాబితాలోనిది. కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోడి హక్కును ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణతో ప్రసాదించగా, కేంద్రము 2005లో ఆ బాట పట్టినది. రాష్ట్రపతి ఆమోదముతో రెండు తెలుగు రాష్ట్రములును ఈ సవరణను నేడే చేయవచ్చును. మీ శాసనసభ్యుని కలిసి అడుగుడు. చట్టము మారులోపల, వీలునామా వ్రాయు ప్రతి గృహస్థుడును, వ్రాయించు ప్రతి వకీలును, భార్య జీవితాంతమును, బిడ్డలు పెరిగి పెద్దవారగువరకును మనోవర్తి ఈ ఆస్తిపై భారమని ఒక్క వాక్యము చేర్చవలెను. 27వ సెక్షను ప్రకారము ఆ వాక్యము నేటికిని చెల్లును.